సామూహిక స్మృతి, చరిత్ర రాజకీయ వినియోగం: హైదరాబాదు సెప్టెంబరు 17

ఒక సమాజం తన గతాన్ని కలిసి గుర్తుంచుకునే తీరును సామూహిక స్మృతి అంటారు. కలిసి మరిచిపోయే తీరు కూడా అందులో భాగమే. ఆ జ్ఞాపకాన్ని ప్రభుత్వాలు, పార్టీలు, ఉద్యమాలు తమ ఈనాటి అవసరానికి వాడుకుంటే అది చరిత్ర రాజకీయ వినియోగం అవుతుంది. ఈ రెండూ ఎక్కడ ముడిపడతాయో చూడటానికి తెలుగువాళ్ళు ఫ్రాన్సుకో జర్మనీకో పోనక్కర్లేదు. 2022 సెప్టెంబరు 17 ఉదయం సికింద్రాబాదు పరేడ్ మైదానంలో కేంద్ర హోంమంత్రి అమిత్ షా జాతీయ జెండా ఎగరేసి హైదరాబాదు విమోచన దినం జరిపారు. అదే రోజు నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు కూడా జాతీయ జెండానే ఎగరేసి తెలంగాణ జాతీయ సమైక్యతా దినోత్సవం జరిపారు. రెండేళ్ళు తిరిగేసరికి రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, పేరూ మారింది. 2024 నుంచి రాష్ట్ర ప్రభుత్వానికి అది ప్రజాపాలన దినోత్సవం.

బయటివాళ్ళకు ఇది పేరు కోసం పంచాయితీలా కనిపిస్తుంది. నిజానికి పేచీ 1948 కథను ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలన్న దాని మీద. ఒక్కో పేరు ఒక్కో ఏట మొదలై ఒక్కో ఏట ఆగుతుంది. ఈ అంశం మీద డాక్టరేటుకు దిగే విద్యార్థి మొదట తెలుసుకోవలసింది ఇదే.

భావన పుట్టుక

సామూహిక స్మృతి అన్న భావనకు శాస్త్రరూపం ఇచ్చినవాడు ఫ్రెంచి సామాజికవేత్త మారిస్ హాల్బ్‌వాక్స్. 1925లో ప్రచురించిన గ్రంథంలో ఆయన చెప్పింది స్థూలంగా ఇది: మనిషి ఒంటరిగా గుర్తుంచుకోడు, కుటుంబం, మతం, వర్గం ఇచ్చిన చట్రాల్లోనే అతని జ్ఞాపకం నిలబడుతుంది. చట్రం చెదిరితే జ్ఞాపకమూ చెదురుతుంది. ఆయన 1945లో బూకెన్‌వాల్డ్ నాజీ శిబిరంలో చనిపోయాడు. ఈ విషయం మీద రాసిన మరో పుస్తకం 1950లో, ఆయన మరణానంతరం వెలువడింది. చట్రం అన్న మాట అర్థం కావాలంటే తెలంగాణ పల్లెలో ముసలివాళ్ళను వయసు అడిగితే చాలు. పుట్టిన సంవత్సరం చెప్పరు. "రజాకార్లప్పుడు నేను నడుస్తున్ననట" అంటారు. ఊరంతా కలిసి కట్టుకున్న కాలెండరు అది.

జర్మన్ పండితుడు యాన్ ఆస్మాన్ 1992లో ఈ భావనను రెండుగా విడదీశాడు. నోటిమాటగా మూడు తరాల దాకా, అంటే 80 నుంచి 100 ఏళ్ళ దాకా నడిచేది ఒకటి. ఆ తర్వాత గ్రంథాలు, కట్టడాలు, పండుగలు మోసేది రెండోది. మొదటిదానికి యజమాని ఉండడు, ఎవరి కథ వాళ్ళది. రెండోదానికి పూజారులుంటారు. పియెర్ నోరా సంపాదకత్వంలో 1984–1992 మధ్య ఏడు సంపుటాలుగా వచ్చిన ఫ్రెంచి గ్రంథం స్మారకాలు, జెండాలు, పాఠ్యపుస్తకాలు, పండుగలు అన్నిటినీ స్మృతిస్థలాలుగా పరిశీలించింది. తరతరాలుగా వస్తున్నవని మనం నమ్మే ఆచారాల్లో చాలా భాగం నిన్నమొన్న తయారైనవేనని ఎరిక్ హాబ్స్‌బామ్, టెరెన్స్ రేంజర్ 1983లో వెలువరించిన సంకలనం వాదించింది.

రాజకీయ వినియోగం అన్న చర్చకు ఇంకో మూలం 1986 నాటి జర్మన్ చరిత్రకారుల వివాదం. నాజీ నేరాలను మిగతా నేరాల సరసన చేర్చి తేలిక చేయజూసిన ఎర్నెస్ట్ నోల్టే వంటివారికి యుర్గెన్ హాబర్‌మాస్ ఎదురునిలిచాడు. ఫ్రాన్సులో 2005 ఫిబ్రవరిలో పార్లమెంటు ఒక అడుగు ముందుకేసి, వలసపాలన మేలు చేసిందని బడిపాఠాల్లో చెప్పాలంటూ ఏకంగా చట్టమే చేసింది. చరిత్రకారులు తిరగబడటంతో మరుసటేడు ఆ నిబంధన పోయింది. ఇక దేశం నిలబడాలంటే కొన్ని సంగతులు అందరూ మరిచిపోవాలని ఎర్నెస్ట్ రెనాన్ 1882లోనే పారిస్ ఉపన్యాసంలో చెప్పాడు. ఆ మాట హైదరాబాదుకు ఎంత సరిపోతుందో కాసేపట్లో చూద్దాం.

1948లో జరిగింది

హైదరాబాదు సంస్థానంలో 16 జిల్లాలు. ఎనిమిది తెలుగువి, ఐదు మరాఠీవి, మూడు కన్నడవి. 1941 లెక్కల ప్రకారం జనాభా సుమారు 1.63 కోట్లు. పాలకుడు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. 1947 ఆగస్టులో ఆయన ఇండియాలోనూ పాకిస్తాన్‌లోనూ చేరలేదు. నవంబరు 29న ఇండియాతో ఏడాదికి యథాతథ ఒప్పందం చేసుకున్నాడు. ఆ ఏడాది పొడుగునా లాతూరు వకీలు కాశిం రజ్వీ నాయకత్వంలోని నిజాం అనుకూల సాయుధ దళమైన రజాకార్లు ఊళ్ళ మీద పడ్డారు. నల్లగొండ, వరంగల్లు జిల్లాల్లో కమ్యూనిస్టుల నాయకత్వాన రైతులు అప్పటికే దొరల మీద, నిజాం పోలీసుల మీద ఆయుధం పట్టి ఉన్నారు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం షోలాపూరు వైపు నుంచీ బెజవాడ వైపు నుంచీ లోపలికి వచ్చింది. 17 శుక్రవారం సాయంత్రం నిజాం రేడియోలో మాట్లాడి పోరు ఆపినట్టు ప్రకటించాడు. మరునాడు ఆయన సేనాపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు లొంగిపోయాడు.

తేదీల సంగతి కొంచెం నిలబడి చూడాలి. 17న జరిగింది కాల్పుల విరమణ. లొంగుబాటు 18న. ఆ తర్వాత ఏడాదికి పైగా నడిచింది సైనిక గవర్నరు పాలన. భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ నిజాం ఫర్మానా ఇచ్చింది 1949 నవంబరు 23న. 1950 జనవరి 26న ఆ నిజామే రాజప్రముఖ్ అయ్యాడు, 1956లో రాష్ట్రం రద్దయ్యేదాకా ఆ పదవిలోనే ఉన్నాడు. విలీనమన్నా విమోచనమన్నా కాగితం మీద సరిగ్గా 17కు అతకదు. అయినా తేదీ అదే నిలిచింది. ఫర్మానాను ఎవరూ వినలేదు, రేడియోలో నిజాం గొంతు విన్నారు. జనం జ్ఞాపకం గెజిట్ చూసి నడవదు.

పేరుకో కథ

విమోచన అన్నవాళ్ళ కథ రజాకార్లతో మొదలై సెప్టెంబరు 17 సాయంత్రానికి ముగుస్తుంది. అందులో శత్రువు నిజాం, రక్షకుడు సర్దార్ పటేల్, ఆయుధం భారత సైన్యం. జరిగిన దౌర్జన్యాలు నిజమే. పరకాలలో 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా ఎగరేయబోయిన జనం మీద కాల్పులు జరిగాయి. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లి జనం తమ ఊరి బురుజు మీద నుంచి రజాకార్లను, పోలీసులను ఎదిరించి ఊచకోతకు గురయ్యారు. ఆ బురుజు ఇప్పటికీ ఉంది. అయితే ఈ కథ చట్రంలో పట్టని మనుషులు కొందరున్నారు. ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఇండియాలో చేరాలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్ల చేతుల్లోనే చనిపోయాడు. విసునూరు దేశ్‌ముఖ్ మీద భూమి కోసం కోర్టుకెక్కి, దొర మనుషుల చేతిలో హతుడైన షేక్ బందగీ పేద ముస్లిం రైతు. ఆ దేశ్‌ముఖ్ హిందువు. హిందూ ముస్లిం గీత గీసి చూస్తే ఈ ఇద్దరూ ఏ వైపు నిలబడతారు?

కమ్యూనిస్టుల కథ 1946 జులై 4న, కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన రోజు మొదలవుతుంది. సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన 1947 సెప్టెంబరు 11 అందులో ముఖ్యమైన మలుపు. ముగింపు 1951 అక్టోబరులో, పోరాట విరమణతో. అంటే సెప్టెంబరు 17 ఆ కథకు నడిమధ్య పడుతుంది. అప్పటిదాకా నిజాం పోలీసులతో పోరాడిన దళాలు ఆ తర్వాత మూడేళ్ళు భారత సైన్యంతో పోరాడాయి. పట్నం పారిపోయిన దొరలు సైన్యం వెనకాలే గాంధీ టోపీలు పెట్టుకుని తిరిగొచ్చారని, పంచిన భూములు గుంజుకున్నారని ఆ పోరాట నాయకుల జ్ఞాపకాల్లో పదేపదే వినిపిస్తుంది. మొత్తం పోరాటంలో చనిపోయినవారు నాలుగు వేలని పుచ్చలపల్లి సుందరయ్య తన గ్రంథంలో రాశారు. ఈ కథనం వినేవారికి విమోచన అన్న మాట ఎందుకు మింగుడుపడదో వేరే చెప్పక్కర్లేదు. కమ్యూనిస్టు పార్టీలు సెప్టెంబరు 11 నుంచి 17 దాకా వారోత్సవాలు జరిపి ఈ చిక్కును కొంత దాటేస్తాయి. ఇంకా ఎడంగా నిలిచినవాళ్ళు దాన్ని విద్రోహ దినం అన్నారు. వాళ్ళ కథ 17తో మొదలవుతుంది.

కాంగ్రెసుది విలీన దినం. 1938లో పుట్టీ పుట్టకముందే నిషేధానికి గురైన స్టేట్ కాంగ్రెసు సత్యాగ్రహంతో ఆ కథ మొదలై భారత రాజ్యాంగంతో ముగుస్తుంది. దేశ్‌ముఖ్‌లూ పోరాటాలూ అందులో పక్కకు తప్పుకుంటాయి.

ఉర్దూలో దీని పేరు వేరు: సుకూతె హైదరాబాద్, అంటే హైదరాబాదు పతనం. ఆ జ్ఞాపకంలో 1918 నాటి ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది, ఉర్దూలో సాగిన వైద్యవిద్య ఉంది, ఒక్క ఏడాదిలో కొలువులు పోయిన కుటుంబాలున్నాయి, కరాచీకి సాగిన వలస ఉంది. హైదరాబాదులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఒమర్ ఖాలిదీ 1988లో వెలువరించిన సంకలనం పేరులోనే పతనం అన్న మాట ఉంది. ఈ జ్ఞాపకానికి రాజకీయ వేదిక మీద చోటు దొరకలేదు. మజ్లిస్ పార్టీ కూడా 2022లో జాతీయ సమైక్యతా దినం అన్న మాటనే ఎంచుకుని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలకు లేఖలు రాసింది. ఆ వెంటనే రాష్ట్ర మంత్రివర్గం అదే పేరు ఖాయం చేసింది. సమైక్యత అన్నది ఎవరికీ గుచ్చుకోని మాట. అందుకే అందులో కథ లేదు.

తెలంగాణవాదులకు ఇంకో లెక్క ఉంది. సైనిక పాలనలో, ఆ తర్వాతి వెల్లోడి పౌర ప్రభుత్వ కాలంలో బయటి ప్రాంతాల నుంచి ఉద్యోగులు వచ్చారు. 1952 సెప్టెంబరులో నాన్ ముల్కీలకు, అంటే స్థానికేతరులకు వ్యతిరేకంగా విద్యార్థులు రోడ్డెక్కితే సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. ఈ వరస 1956 నాటి విలీనానికీ 1969 ఉద్యమానికీ, చివరికి 2014 నాటి రాష్ట్ర ఏర్పాటుకూ పోతుంది. ఈ వరసలో నిజాం మునుపటంత చెడ్డవాడు కాడు. చెరువులు, నిజాంసాగర్, ఉస్మానియా ఆసుపత్రి కట్టించినవాడు. తెలంగాణ రాష్ట్ర సమితి ఉద్యమకాలంలో సెప్టెంబరు 17ను అధికారికంగా జరపాలని అడిగి, 2014లో అధికారంలోకి వచ్చాక ఎనిమిదేళ్ళు ఆ ఊసెత్తకపోవడానికి మజ్లిస్‌తో చెలిమి కారణమని ప్రత్యర్థులన్నారు. అది కొంత నిజమే కావచ్చు. నిజాంను రెండు రకాలుగా గుర్తుపెట్టుకున్న ఉద్యమానికి ఒక్క పేరు దొరకకపోవడం అంతకన్నా పెద్ద కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఒకే సంస్థానం, మూడు రాష్ట్రాలు

1956లో హైదరాబాదు రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేశాక జ్ఞాపకం కూడా మూడు ముక్కలైంది. మహారాష్ట్రలో సెప్టెంబరు 17 మరాఠ్వాడా ముక్తిసంగ్రామ దినం. స్వామి రామానంద తీర్థ అక్కడి నాయకుడు, ఔరంగాబాదులో (ఇప్పటి ఛత్రపతి సంభాజీనగర్‌లో) ముఖ్యమంత్రి జెండా ఎగరేస్తారు. పేరు మీద తగవు లేదు. కర్ణాటకలో కలబురగిలో జెండా ఎగురుతుంది. అక్కడ నిజాం పాలన జ్ఞాపకం వెనుకబాటుతనానికి సాక్ష్యంగా పనికొచ్చి, 2012 నాటి 98వ రాజ్యాంగ సవరణతో 371–జె అధికరణం రూపంలో ప్రత్యేక హోదాను సాధించిపెట్టింది. 2019లో హైదరాబాద్ కర్ణాటక అన్న పేరునే తీసేసి కల్యాణ కర్ణాటక అన్నారు. బసవన్న నాటి కల్యాణం ముందుకొచ్చింది, నిజాం నాటి హైదరాబాదు వెనక్కి పోయింది. ఎనిమిది శతాబ్దాల దూరం గెంతి ఒక జ్ఞాపకం ఇంకోదాని కుర్చీలో కూర్చోవడం ఇంత నిశ్శబ్దంగా జరగడం అరుదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మాత్రం ఆ తేదీని అధికారికంగా పట్టించుకోలేదు. ఆ రాష్ట్రం తన గురించి తాను చెప్పుకున్న కథ పొట్టి శ్రీరాములుతో, విశాలాంధ్రతో, నవంబరు 1తో అల్లినది. కోస్తా జిల్లాల్లో సెప్టెంబరు 17 అంటే, రజాకార్ల భయానికి సరిహద్దు దాటి బెజవాడ, జగ్గయ్యపేట చేరినవాళ్ళకు ఆశ్రయమిచ్చిన ఇళ్ళలో తప్ప, ఎవరికీ ఏమీ కాదు. ఆ తేదీని పండుగ చేస్తే రాష్ట్రంలో సగానికి ఒక గతం, మిగతా సగానికి ఇంకో గతం ఉందని ఒప్పుకున్నట్టే. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌కూ ఇలాంటి చిక్కే వచ్చింది. అవతరణ దినం 1953 నాటి అక్టోబరు 1నా, 1956 నాటి నవంబరు 1నా, విడిపోయిన జూన్ 2నా అన్నది తేలడానికి ఏళ్ళు పట్టింది.

మౌనం

ఇప్పుడు రెనాన్ మాటకు వద్దాం. సైన్యం ప్రవేశించిన వారాల్లో ఉస్మానాబాదు, బీదరు, గుల్బర్గా, నాందేడు జిల్లాల్లో ముస్లింల మీద పెద్దఎత్తున ప్రతీకార హింస జరిగింది. నెహ్రూ ప్రభుత్వం పంపగా పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ ఆ జిల్లాలు తిరిగి నివేదిక ఇచ్చారు. చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల మధ్య ఉంటారని వాళ్ళ అంచనా. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా పాలుపంచుకున్నారని అందులో రాశారు. అదే నివేదికలో, పొరుగు ముస్లింలను ప్రాణాలొడ్డి కాపాడిన హిందువుల సంగతీ ఉంది. ప్రభుత్వం ఆ నివేదికను ప్రచురించలేదు. కెనడా పండితుడు విల్ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ 1950లోనే ఒక వ్యాసంలో ఈ హింస గురించి రాశాడు గాని అది పరిశోధక పత్రికల గడప దాటలేదు. నివేదిక పాఠం మామూలు పాఠకుడికి అందింది ఎ.జి. నూరానీ 2013లో వేసిన పుస్తకంతో, అంటే 60 ఏళ్ళు దాటాక.

ఈ మౌనానికి ఒక పేరు కూడా సాయపడింది. సైన్యంలోని ట్యాంకులు, విమానాలు పాల్గొన్న దాడికి అధికారికంగా పెట్టిన పేరు పోలీసు చర్య. హైదరాబాదు తన ఫిర్యాదును ఐక్యరాజ్యసమితి భద్రతామండలి దాకా తీసుకుపోయి ఉంది గనుక, ఇది దేశాల మధ్య యుద్ధం కాదు, ఇంటి సంగతి అని చెప్పుకోవడానికి ఆ మాట పనికొచ్చింది. పోలీసు చర్యలో శవాల లెక్క ఎవరు అడుగుతారు? ఈనాటికీ పల్లెల్లో అదే మాట. "పోలీస్ యాక్షన్ అయినంక" అంటూ పెళ్ళిళ్ళ లెక్క, భూముల లెక్క చెబుతారు. ప్రభుత్వం పెట్టిన పేరు ఇంత లోతుగా జనం నోట ఇంకిపోయిన ఉదాహరణలు తక్కువ.

సుందర్‌లాల్ నివేదికను చెప్పి రజాకార్ల దౌర్జన్యాన్ని దాటేసేవాళ్ళున్నారు, దీన్ని చెప్పి దాన్ని దాటేసేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరూ శవాలను త్రాసులో వేసేవాళ్ళే. మంచి పరిశోధన ఆ త్రాసును పక్కన పెట్టి ఊరు ఊరుగా పోయి చూస్తుంది.

స్తూపాలు, సినిమాలు, పోటీ పరీక్షలు

జ్ఞాపకం గాలిలో ఉండదు, దానికి నేల కావాలి. నల్లగొండ, వరంగల్లు పల్లెల్లో కమ్యూనిస్టుల ఎర్ర స్తూపాలు పాత స్మృతిస్థలాలు. పరకాలలో 2003లో భాజపా నాయకుడు చెన్నమనేని విద్యాసాగర్ రావు చొరవతో కట్టిన అమరధామం వాటికి పోటీ అనవచ్చు. 2021లో సెప్టెంబరు 17 సభను భాజపా నిర్మల్‌లో పెట్టింది. అక్కడి వెయ్యి ఉరుల మర్రి 1860 నాటి రాంజీ గోండు తిరుగుబాటుకు గుర్తు. 1860నూ 1948నూ ఒకే వేదిక మీదికి తెస్తే, నిజాం వంశం మీద ఎడతెగని పోరాటం జరిగిందన్న భావం దానంతటదే ఏర్పడుతుంది. కాంగ్రెసు కూడా తక్కువ తినలేదు: 2023లో తుక్కుగూడలో ఆరు గ్యారంటీలను ప్రకటించడానికి అదే తేదీని ఎంచుకుంది.

హైదరాబాదు ట్యాంక్‌బండ్ మరో పాఠం. ఎన్టీ రామారావు హయాంలో అక్కడ తెలుగు ప్రముఖుల విగ్రహాలు నిలబెట్టారు. వాటిలో తెలంగాణవాళ్ళు తక్కువన్న కినుక పాతికేళ్ళు లోలోపలే ఉండి, 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమపు మిలియన్ మార్చ్ రోజున బద్దలైంది. విగ్రహాలను కూల్చిన చేతులను తిట్టడం సులువే. ఆ విగ్రహాల వరసను చరిత్ర పాఠంగా చదివినవాళ్ళు అవి పెట్టినవాళ్ళ కన్నా కూల్చినవాళ్ళేనన్న సంగతి మాత్రం పరిశోధకుడు రాసుకోవాలి.

తెరమీద 1979లో గౌతమ్ ఘోష్ తీసిన మా భూమి రైతుల వైపు నుంచి కథ చెప్పింది. 2024 మార్చిలో, లోక్‌సభ ఎన్నికల ముంగిట వచ్చిన రజాకార్ సినిమా విమోచన కథను చెప్పింది. ఏటా సెప్టెంబరు 17ను హైదరాబాదు విమోచన దినంగా జరపాలని కేంద్రం గెజిట్ వెలువరించింది కూడా ఆ మార్చిలోనే.

వీటన్నిటికన్నా బలమైన స్మృతి సంస్థ ఇంకోటుంది, దాన్ని పండితులు ఇంకా సరిగా పట్టించుకోలేదు. అది పోటీ పరీక్ష. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ గ్రూప్ పరీక్షల్లో తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం అన్నది ఒక పూర్తి పేపరు. ఆ పాఠ్యప్రణాళిక 1948తో మొదలై 2014తో ముగుస్తుంది. హైదరాబాదు అశోక్‌నగర్ వంటి కోచింగ్ కేంద్రాల గదుల్లో లక్షలమంది యువకులు తమ రాష్ట్ర చరిత్రను మూడు దశలుగా, బిట్లుగా బట్టీపడుతున్నారు. ఏ విగ్రహానికీ, ఏ సభకూ ఇంతమంది శ్రద్ధగల భక్తులు లేరు.

పరిశోధన నడిచిన దారి

తొలి తరం పరిశోధన పోరాటం చుట్టూ తిరిగింది. బారీ పావియర్ 1981లో తెలంగాణ ఉద్యమం మీద పుస్తకం వేశాడు. ఇనుకొండ తిరుమలి పుస్తకం 2003లో వచ్చింది. దొరల ఆధిపత్యాన్ని ఊరి స్థాయిలో విప్పి చూపడం దాని బలం. 2000లో లూసియెన్ బెనిషూ, మార్గ్రిట్ పెర్నావు పుస్తకాలు సంస్థానం చివరి దశాబ్దాల రాజకీయాన్ని పరిశీలించాయి. టేలర్ షెర్మన్ 2015లో, పోలీసు చర్య తర్వాత హైదరాబాదు ముస్లింలు పౌరులుగా ఎలా నిలదొక్కుకున్నారో రాసింది. సునీల్ పురుషోత్తం 2021 గ్రంథం 1948 హింసను భారత గణరాజ్యం పుట్టుకలో భాగంగా చూసింది. ఈ రెండు పుస్తకాలతో చర్చ పేరు నుంచి పక్కకు జరిగి, ఆ రోజు తర్వాత ఎవరికి ఏమైందన్న ప్రశ్న వైపు తిరిగింది.

వీటిలో చాలావాటికి ముందే తెలుగులో ఒక పని జరిగింది. స్త్రీశక్తి సంఘటన 1986లో మనకు తెలియని మన చరిత్ర ప్రచురించింది. సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వాళ్ళ ఇళ్ళకెళ్ళి కలిసి, వాళ్ళ మాటల్లోనే రాసిన పుస్తకం అది. చిట్యాల అయిలమ్మ, మల్లు స్వరాజ్యం వంటివాళ్ళు అందులో మాట్లాడారు. దళాల్లో తుపాకి పట్టినవాళ్ళకు పోరాటం ముగిశాక మళ్ళీ వంటిల్లే మిగిలిందన్న బాధ పార్టీ చరిత్రల్లో కనిపించదు. ఇప్పుడు అయిలమ్మ పేరు మీద జయంతి ఉంది, హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరే పెట్టారు. పేరు పెట్టడం మంచిదే. ఆమె చెప్పిన మాటలు ఆ విశ్వవిద్యాలయంలో పాఠంగా ఉంటే ఇంకా మంచిది.

మౌఖిక చరిత్ర మీద తరచూ వచ్చే అభ్యంతరం, ముసలివాళ్ళు తప్పు చెబుతారని. దీనికి ఇటలీలో అలెస్సాండ్రో పోర్టెల్లి చక్కని జవాబు చెప్పాడు. టెర్ని పట్టణంలో లుయీజీ ట్రాస్టుల్లి అన్న కార్మికుడు 1949లో పోలీసుల చేతిలో చనిపోయాడు. పట్టణంలో చాలామంది అది 1953లో, ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగాలు ఊడినప్పుడు జరిగిందని చెప్పారు. నాటో వ్యతిరేక ప్రదర్శనలో పోయిన ప్రాణాన్ని వాళ్ళు తమకు ఎక్కువ నొప్పెట్టిన రోజుకు జరిపారు. తప్పిన తేదీలోనే వాళ్ళు చెప్పదలచుకున్న సంగతి ఉంది. తెలంగాణలో కూడా సైన్యం చేసిన పని రజాకార్ల ఖాతాలోకి, దొర గూండాల పని సైన్యం ఖాతాలోకి మారిపోవడం వినవచ్చు. పరిశోధకుడు దాన్ని దిద్దేయకూడదు, అటువైపు ఎందుకు జారిందో అడగాలి.

ఈ రంగంలో అసలు అడ్డంకి భాష. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాగితాలు ఫారసీ, ఉర్దూల్లో ఉన్నాయి. జనం జ్ఞాపకం తెలుగులో, మరాఠీలో, కన్నడలో ఉంది. ఉర్దూ రాని తెలుగు పరిశోధకుడికి సుకూత్ కథ వినపడదు. తెలుగు రాని ఉర్దూ పండితుడికి కడవెండి కథ వినపడదు. ఈ ఇద్దరికీ మరాఠ్వాడా శవాలు కనపడవు. తమ తమ భాషల్లో పరిశోధించుకుని, తమ తమ జనం జ్ఞాపకానికే అధోజ్ఞాపికలు రాసి పట్టా తీసుకోవడం ఎక్కువైంది. మూడు రాష్ట్రాల సెప్టెంబరు 17లను పక్కపక్కన పెట్టి చదివే సిద్ధాంతవ్యాసాలు ఇంకా రావాలి.

వ్యవధి కూడా తక్కువ. 1948లో పదేళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు తొంభైకి దగ్గరగా ఉంటాయి. ఆస్మాన్ చెప్పిన 80 ఏళ్ళు 2028 సెప్టెంబరుకు నిండుతాయి. ఆ తర్వాత మిగిలేవి స్తూపాలు, గెజిట్లు, బిట్లు. మీ ఇంట్లో ఆ వయసువాళ్ళు ఉంటే అది విమోచనా, విలీనమా అని అడగకండి. ఆ మాటలు వాళ్ళు టీవీలో విన్నవే. రజాకార్లప్పుడు ఎక్కడ తలదాచుకున్నరు, మిలిట్రీ వచ్చిన తెల్లారి ఊళ్ళో ఎవరు కనబడలేదు అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టండి.